డిగ్రీ పిల్లలకు స్పానిష్ నేర్పండి

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడల నిండా కోర్సుల బోర్డులే. పైథాన్, శాప్, డెవాప్స్, డేటా సైన్స్. బీటెక్ చదివి వచ్చినవాళ్లే వాటి కింద నిలబడి ఏది నేర్చుకోవాలో తేల్చుకోలేకపోతున్నారు. ఇక కదిరి నుంచో, కొల్లాపూర్ నుంచో బీకామ్, బీఎస్సీ, బీఏ పట్టా పట్టుకుని బస్సు దిగిన పిల్లల మాటేమిటి? ఏటా అలాంటి పిల్లలు నాకు ఫోన్ చేసి, "అక్కా, ఏ కోర్సులో చేరమంటావు?" అని అడుగుతుంటారు. అందరికీ ముందు ఒకటే చెబుతాను. నీకు చదవడం మీద ఓపిక ఉంటే స్పానిష్ నేర్చుకో. సరదా కోసమో, వెబ్ సిరీస్‌ల కోసమో కాదు, కూడు పెట్టే చదువుగానే నేర్చుకో.

ఈ మాట అనే హక్కు నాకెక్కడిదో చెప్పాలి కదా. నాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. శెనక్కాయ పంట మీద బతికిన ఇల్లు మాది. వాన పడిన ఏడు ఫీజు కట్టేవాళ్లం, పడని ఏడు మా నాయన అప్పు తెచ్చేవాడు. తెలుగు మీడియంలో చదువుకుని బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశాను. ఇవాళ హైదరాబాద్‌లో ఫార్మకో విజిలెన్స్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసుల్లో దాన్ని పీవీ అంటారు. మందులు వాడినవాళ్లకు వచ్చే దుష్ప్రభావాలను నమోదు చేసి, లెక్క తేల్చే పని. కెమిస్ట్రీ పట్టా ఉన్నవాళ్లు ఈ నగరంలో వేలకు వేలు. నన్ను ఆ గుంపులోంచి పక్కకు తీసి పిలిచింది మాత్రం స్పానిషే.

మా జిల్లాకు స్పానిష్ కొత్త కాదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చారు. 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నారు. ఆయన మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ కట్టించిన ఇళ్లు, బళ్లు, బత్తలపల్లి ఆసుపత్రి గురించి మా వైపు ఎవరిని అడిగినా చెబుతారు. స్పెయిన్ కుటుంబాలు మా ఊళ్లలో పిల్లల్ని స్పాన్సర్ చేసేవి. అక్కడి నుంచి ఉత్తరం వస్తే వీధి వీధంతా చూసేది. మేం తెలుగులో రాసింది ఎవరో స్పానిష్‌లోకి మారిస్తేనే అది సముద్రం దాటేది. 2010లో రఫెల్ నాదల్ ఫౌండేషన్ అనంతపురంలో టెన్నిస్ బడి కూడా పెట్టింది. ఆర్డీటీయే విదేశీ భాషల బడి ఒకటి తెరిచి, పల్లెల నుంచి వచ్చిన పేదింటి డిగ్రీ పిల్లలకు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పించింది. నేను ఆ బడిలో చదువుకున్నదాన్నే.

2019లో కియా ఫ్యాక్టరీ మొదలయ్యాక పెనుకొండ దారిలో కొరియన్ అక్షరాలు కనబడసాగాయి. కొరియన్ వస్తే కొలువు వస్తుందని ఊళ్లకు ఊళ్లు నమ్మాయి. మంచిదే. కానీ స్పానిష్ అంతకు యాభై ఏళ్ల ముందే మా గడపలోకి వచ్చింది. ఇన్నాళ్లూ దాన్ని సాయం చేసేవాళ్ల భాషగానే చూశాం. మనం నేర్చుకుని, మన పనికి వాడుకోవచ్చన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. నన్ను బాధపెట్టేది అదే.

స్పానిష్ ఎందుకంటే, నాకు అన్నిటికంటే పెద్ద కారణంగా కనబడేది జీతం కాదు. తెలుగు మీడియం పిల్లకు ఇంగ్లిష్ క్లాసులో ఎలా ఉంటుందో నాకు తెలుసు. పక్క బెంచీలో కాన్వెంటు పిల్ల ఎల్‌కేజీ నుంచి వింటున్న భాషను మనం ఇరవయ్యో ఏట పట్టుకోవాలి. ఎంత పరిగెత్తినా ఆ దూరం తగ్గినట్టు ఉండదు. నోరు తెరిస్తే నవ్వుతారేమోనన్న భయం, ఆ భయంతో ఇంకా మూసుకుపోయే నోరు. స్పానిష్ క్లాసులో మొదటి రోజు ఎవరికీ ఏమీ రాదు. కలెక్టరు కూతురైనా, కూలీ కూతురైనా ఒకటి, రెండు, మూడు దగ్గర నుంచే మొదలుపెట్టాలి. నా జీవితంలో ఒక తరగతి గదిలో నేను మొదటి వరసలో ఉన్నది అక్కడే. ఆ ధైర్యంతోనే తర్వాత నా ఇంగ్లిష్ కూడా బాగుపడింది.

పైగా తెలుగు నోటికి స్పానిష్ ఇట్టే లొంగుతుంది. వాళ్ల అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ. ఇంగ్లిష్‌లా రాసేదొకటి, పలికేదొకటి కాదు. పలకడం నాలుగు రోజుల్లో నేర్చుకుంటే ఏ పేజీ అయినా గడగడా చదివేయొచ్చు. వాళ్ల 'త', 'ద' మన పళ్ల దగ్గర పుట్టేవే. ఇంగ్లిష్‌వాళ్లు నాలుక తిప్పలేక అవస్థపడే గట్టి 'ర' మన పాత 'ఱ' పలికినవాళ్లకు కష్టమే కాదు. వ్యాకరణంలోనూ చుట్టరికం కనిపిస్తుంది. 'వచ్చాను' అంటే చాలు, 'నేను' అని విడిగా చెప్పక్కర్లేదు మనకు. వాళ్లకూ అంతే, క్రియలోనే మనిషి ఉంటాడు. 'నాకు కాఫీ ఇష్టం' అన్న వాక్యాన్ని మనం ఎలా కడతామో వాళ్లూ అలాగే 'మె గుస్తా ఎల్ కఫే' అని కడతారు. నువ్వు, మీరు అన్న తేడా కూడా ఉంది. ఇంగ్లిష్ మీదుగా స్పానిష్ నేర్పే టీచర్లు ఈ సంగతులు చెప్పడానికి గంటలు తీసుకుంటారు. తెలుగు మీదుగా నేర్పితే ఒక్క మాటతో అయిపోతుంది. కష్టాలు లేవని కాదు. బల్ల ఆడది, పుస్తకం మగది అంటే ఎందుకో ఎవరూ చెప్పలేరు, బట్టీ పట్టాల్సిందే. 'ఉండడం' అనడానికి రెండు క్రియలు, కోరికకీ సందేహానికీ వేరే క్రియారూపాలు మంచి మంచి విద్యార్థుల్ని కూడా నెలల తరబడి ఏడిపిస్తాయి.

ఇక పని సంగతి. దాన్ని దగ్గరగా చూపించాలి, ఎందుకంటే భాషా ఉద్యోగం అనగానే మనవాళ్లకు టూరిస్ట్ గైడో, కాల్ సెంటరో తప్ప ఇంకోటి తోచదు.

మెక్సికోలోనో స్పెయిన్‌లోనో ఒకామె కొత్త మాత్ర వేసుకుంది. మర్నాటికి ఒళ్లంతా దద్దుర్లు, మొహం వాపు. ఆమె డాక్టరో, ఫార్మసిస్టో, ఒక్కోసారి కూతురో కంపెనీకి రాస్తారు. ఆ రాత తిరిగి తిరిగి హైదరాబాద్‌లో మా స్క్రీన్ మీదికి వస్తుంది. తీవ్రమైన కేసయితే 15 రోజుల్లో నియంత్రణ సంస్థకు నివేదిక వెళ్లాలి. ఆ లెక్క మేం ఫైలు తెరిచిన రోజు నుంచి కాదు, కంపెనీలో ఎవరి చెవినైనా ఆ సంగతి పడిన రోజు నుంచి మొదలవుతుంది. కాబట్టి స్పానిష్ కాగితం చదవగలిగిన మనిషి లేక రెండు రోజులు ఆగితే ఆ రెండు రోజులూ పోయినట్టే. రోగి వయసు, ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పుడు మొదలై ఎప్పుడు తగ్గింది, ఆసుపత్రిలో చేర్చారా, డాక్టరు మందునే అనుమానిస్తున్నాడా, ఇవన్నీ ఆ వంకరటింకర చేతిరాతలోంచి లాగాలి.

మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదటి రోజు చూపించేది ఒక అంకె. కాగితం మీద '2,500' అని ఉంటుంది. ఇదెంత? అందరూ రెండు వేల ఐదు వందలు అంటారు. కాగితం మెక్సికోదైతే నిజమే, అక్కడ దశాంశానికి మనలాగే చుక్క పెడతారు. కానీ స్పెయిన్‌లో దశాంశానికి కామా వాడతారు. అక్కడి డాక్టరు రాస్తే అది రెండున్నర కావచ్చు. రెండున్నర మిల్లీగ్రాములకూ రెండు వేల ఐదు వందల మిల్లీగ్రాములకూ మధ్య ఒక ప్రాణం ఉంటుంది. కాగితం ఏ దేశానిది, ఆ మందు మామూలు మోతాదు ఎంత, మిగతా వాక్యాలు ఏం చెబుతున్నాయి అని చూసి తేల్చాలి. అనుమానం తీరకపోతే రాసినవాళ్లనే అడగాలి. భాష, కెమిస్ట్రీ, జాగ్రత్త మూడూ కలిస్తేనే ఆ పని అవుతుంది. బీఎస్సీ చదివి స్పానిష్ వచ్చిన మనిషికి ఎందుకు విలువో ఇక్కడే అర్థమవుతుంది.

అమ్మాయిల తల్లిదండ్రులు అడిగే ప్రశ్న షిఫ్టుల గురించి. స్పెయిన్ మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. ఆ దేశం పనయితే మధ్యాహ్నం వెళ్లి రాత్రికి ఇల్లు చేరొచ్చు. మెక్సికో సిటీ పదకొండున్నర గంటలు వెనక. అక్కడివాళ్లతో ఫోన్లో మాట్లాడే పనయితే రాత్రి మేలుకోవాలి, కాగితాల పనయితే అక్కర్లేదు. చేరేముందే ఇది అడిగి తెలుసుకోమని చెబుతాను.

పీవీ ఒక్కటే కాదు. హైదరాబాద్ మందుల కంపెనీలకు స్పానిష్ ప్రపంచంతో పాత సంబంధం ఉంది. డాక్టర్ రెడ్డీస్ 2005లోనే మెక్సికోలోని క్వెర్నవాకాలో రోష్ కంపెనీ ఫ్యాక్టరీని కొనుక్కుంది. అరబిందో 2014లో ఆక్టావిస్ నుంచి ఏడు పశ్చిమ యూరప్ దేశాల వ్యాపారం తీసుకుంది. అందులో స్పెయిన్ ఒకటి. మన మాత్ర ఒకటి మెక్సికోలో అమ్మాలంటే అక్కడి మందుల నియంత్రణ సంస్థ కోఫెప్రిస్, అర్జెంటీనాలో అయితే అన్మాత్, కొలంబియాలో ఇన్విమా ఒప్పుకోవాలి. ఫైలు, లేబులు, పెట్టెలో మడిచి పెట్టే కరపత్రం అన్నీ స్పానిష్‌లో నిలవాలి. రెగ్యులేటరీ విభాగంలో ఈ పని తెలిసినవాళ్లకు ఖాళీగా ఉండే అవకాశం లేదు. (బ్రెజిల్ గురించి అడిగేవాళ్ల కోసం ఒక మాట. అక్కడిది పోర్చుగీస్. స్పానిష్ వచ్చినవాళ్లు దాన్ని త్వరగానే పట్టుకుంటారు కానీ రెండూ ఒకటి కావు.)

మందులు వదిలేసినా అంతే. మన వాయుసేన కొన్న ఎయిర్‌బస్ సీ-295 విమానాల్లో మొదటి 16 స్పెయిన్‌లోని సెవియాలో తయారైనవి. మిగతావి వడోదరలో కట్టే ఫ్యాక్టరీని 2024 అక్టోబర్‌లో మన ప్రధాని, స్పెయిన్ ప్రధాని పెద్రో సాంచెజ్ కలిసి ప్రారంభించారు. వాటి విడిభాగాలు తయారవుతున్నది మన హైదరాబాద్‌లో. టీసీఎస్ 2002లోనే ఉరుగ్వే రాజధాని మోంతెవిదేయోలో, ఇన్ఫోసిస్ 2007లో మెక్సికోలోని మోంతెర్రేలో ఆఫీసులు పెట్టాయి. 2024 జనవరిలో మన ప్రభుత్వ సంస్థ కాబిల్, అర్జెంటీనాలోని కతమార్కా రాష్ట్రంలో ఐదు లిథియం బ్లాకుల కోసం ఒప్పందం చేసుకుంది.

నాకు మరీ ఆశ్చర్యంగా తోచేది భీమవరం. గోదావరి జిల్లాల్లో రొయ్య మీద ఎన్ని లక్షల కుటుంబాలు బతుకుతున్నాయో వేరే చెప్పక్కర్లేదు. ప్రపంచంలో మన రొయ్యకు గట్టి పోటీ ఈక్వడార్. ఎగుమతుల్లో మనకంటే ముందున్న దేశం. అక్కడ మాట్లాడేది స్పానిష్. ఆ దేశపు ఆక్వా సంఘం లెక్కలు, గ్వాయకిల్ రైతుల గోడు, వాళ్ల చెరువుల్లో వచ్చే తెగుళ్లు, వాళ్లు వాడే మేత, అన్నీ ముందు స్పానిష్‌లోనే రాస్తారు, మాట్లాడుకుంటారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఈక్వడార్ మీద ఉన్నది 15 శాతమే. అప్పుడు మన పశ్చిమ గోదావరిలో అందరి నోటా ఆ దేశం పేరే. ఆ దేశం ఏం చేస్తున్నదో దాని భాషలో చదివి చెప్పగల ఫిషరీస్ గ్రాడ్యుయేట్లు మన ఎగుమతిదారుల దగ్గర ఎంతమంది ఉన్నారు? ఒక్కరున్నా ఆ కంపెనీ అదృష్టమే అంటాను.

ఇప్పుడు ఏఐ గురించి. "అక్కా, మెషినే అనువాదం చేసేస్తోంది కదా, మేమెందుకు?" అని పిల్లలు అడుగుతున్నారు. వాళ్లను మభ్యపెట్టడం పాపం. మామూలు అనువాదాలు, కస్టమర్లకు మెయిల్‌లో జవాబులు, వెబ్‌సైట్‌లో ఫొటోలు, కామెంట్లు సరిచూసే పని తగ్గుతున్నాయి. ఇంకా తగ్గుతాయి. ఒకప్పుడు బీ1 అనే మధ్య స్థాయి వస్తే చాలు, బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఏదో ఒక ఉద్యోగం దొరికేది, భాషకు విడిగా అలవెన్స్ కూడా ఇచ్చేవారు. ఆ రోజులు వెళ్లిపోతున్నాయి. మా ఆఫీసులో కూడా మొదటి అనువాదం మెషినే చేస్తుంది. కానీ దాని కింద సంతకం పెట్టేది మనిషే. మెషిన్ ఆ '2,500'ని అలాగే దించేస్తే పట్టుకోవాల్సింది ఎవరు? తప్పు వెళ్తే నియంత్రణ సంస్థ ప్రశ్నించేది ఎవరిని? కొలంబియా నర్సుకు ఫోన్ చేసి, ఆమె తటపటాయిస్తుంటే ఓపిగ్గా సంగతి రాబట్టేది ఎవరు? సగం సగం వచ్చినవాళ్ల పని మెషిన్ లాక్కుంటుంది. బాగా వచ్చినవాళ్లకు అదే మెషిన్ పని తేలిక చేస్తుంది. అందుకే నేర్చుకుంటే గట్టిగా నేర్చుకోవాలంటాను.

గట్టిగా అంటే బీ2, బీ1కి పై మెట్టు. అది మూడు నెలల్లో రాదు. 'తొంభై రోజుల్లో స్పానిష్, ఉద్యోగం గ్యారంటీ' అని వేలకు వేలు గుంజే కోచింగ్ సెంటర్లు బయలుదేరాయి. ఒక దాంట్లో డబ్బు కట్టి, తమ పేరు చెప్పడం తప్ప ఏమీ రాకుండా బయటికొచ్చిన పిల్లలు నా దగ్గరికి వచ్చారు. ఆ డబ్బు వాళ్ల అమ్మలు పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు. అలాంటి బోర్డు కనబడితే దాటి వెళ్లిపోండి. క్లాసులో ఐదారు వందల గంటలు, దానికి తగ్గట్టు ఇంట్లో చదువు, ఏడాదిన్నర నుంచి రెండేళ్ల కాలం పెట్టుకోవాలి. హైదరాబాద్ తార్నాకలో ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ, అదే ఇఫ్లూ ఉంది, 2007 నుంచి సెంట్రల్ యూనివర్సిటీ. స్పానిష్‌లో బీఏ ఆనర్స్ చెబుతుంది. సర్టిఫికెట్ కావాలంటే స్పెయిన్ ప్రభుత్వం తరఫున సెర్వాంతెస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టే 'దెలె' పరీక్ష రాయాలి. ఆ సంస్థకు ఢిల్లీలో కేంద్రం ఉంది. దెలె సర్టిఫికెట్‌కు గడువు లేదు, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. ఇంటర్వ్యూలో దాన్ని చూపిస్తే మిగతా ప్రశ్నలు సగం ఆగిపోతాయి.

ఇంకో మాట ఖచ్చితంగా చెప్పాలి. స్పానిష్ ఒక్కటే పట్టుకుంటే నడవదు. కామర్స్ వాళ్లు అకౌంట్స్‌ను, ఫార్మసీ వాళ్లు డ్రగ్ సేఫ్టీని, కంప్యూటర్ వాళ్లు కోడింగ్‌ను, లా చదివినవాళ్లు కాంట్రాక్టులను వదలకుండా, వాటి పక్కన స్పానిష్ పెట్టుకోవాలి. ఇది వీసా టికెట్ కూడా కాదు. స్పానిష్ వచ్చినంత మాత్రాన స్పెయిన్ ఎవరికీ ఉద్యోగం ఇచ్చి పిలవదు. ఆ ఆశ చూపించి డబ్బులు అడిగేవాళ్లను నమ్మొద్దు.

అమెరికా వెళ్లే మన పిల్లల విషయం వేరు. వాళ్లకు నేను ఇంకా గట్టిగా చెబుతాను. మనవాళ్లు ఎక్కువగా చేరే టెక్సస్‌లో ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు ఇంట్లో మాట్లాడేది స్పానిషే. అమెరికా మొత్తం మీద నాలుగు కోట్ల మందికి పైగా. మెడికల్ రెసిడెన్సీకి, డెంటిస్ట్రీకి, ఫార్మసీకి, నర్సింగ్‌కు వెళ్లేవాళ్లు ఇంగ్లిష్ టెస్టు కోసం నెలలు చదువుతారు. రేపు వాళ్ల ముందు కూర్చునే రోగి నొప్పి ఎక్కడో చెప్పేది ఆ భాషలో కాకపోవచ్చు. కౌంటర్ దగ్గర రోగిని వాళ్ల భాషలో పలకరించగలిగినవాళ్లను ఏ క్లినిక్ వదులుకుంటుంది?

స్పానిష్ ప్రపంచంలో దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష, ఇరవై దేశాలకు అధికార భాష, ఐక్యరాజ్యసమితి ఆరు భాషల్లో ఒకటి. ఇంత పెద్ద భాషను మన రెండు రాష్ట్రాల్లో మామూలు ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పిల్లలకు అందుబాటులో ఉంచకపోవడం అన్యాయం. ఇఫ్లూలో సీట్లు కొన్నే. అక్కడి దాకా రాలేని పిల్లలే ఎక్కువ. ఒక స్వచ్ఛంద సంస్థ అనంతపురంలో పేదింటి పిల్లలతో చేసి చూపించిన పనిని ప్రభుత్వాలు చేయలేవా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యా మండళ్లకు నా విన్నపం ఇది. జిల్లాకొక ప్రభుత్వ డిగ్రీ కాలేజీని ఎంచుకోండి. బీఎస్సీ, బీకామ్, బీఏ పిల్లలకు రెండో ఏడాది నుంచి స్పానిష్‌ను క్రెడిట్లు ఉన్న సబ్జెక్టుగా పెట్టండి. చివరి సెమిస్టర్‌లో ఫార్మా, అకౌంట్స్, ఆక్వా కంపెనీల్లో ఇంటర్న్‌షిప్ కలపండి. దెలె పరీక్ష ఫీజు పేద పిల్లల తరఫున ప్రభుత్వమే కట్టాలి. ఇఫ్లూలో చదివి బయటికొచ్చిన పట్టభద్రులున్నారు, మా అనంతపురంలో నేర్చుకుని పని చేస్తున్నవాళ్లున్నారు, టీచర్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. మొదటి బ్యాచ్ అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కాలేజీల్లోనే మొదలుపెట్టండి. శనివారాలు వచ్చి పాఠం చెప్పమంటే నేను సిద్ధం, జీతం అడగను.